మార్పులు చేసిన మోపెడ్: కార్బొరేటర్‌లో తప్పు ఎక్కడ వెదకాలి?

హోసూరుకూ మోపెడ్‌కూ ఉన్న సంబంధం పాతది. ఇద్దరు కూర్చొని ప్రయాణించగల తొలి భారతీయ మోపెడ్‌గా పేరొందిన టీవీఎస్ 50, 1980లో ఇక్కడి కర్మాగారం నుంచే బయటికి వచ్చింది. నలభై ఏళ్లు దాటినా తెల్లవారుజామున మార్కెట్టు దారిలో గులాబీ కట్టలు, కూరగాయల మూటలు, పాలక్యాన్లు మోసుకొచ్చే బండ్లలో ఆ వంశానికి చెందినవి నేటికీ కనిపిస్తాయి. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపుల నుంచి బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సొంత ఇల్లు లేనివారికి కూడా సొంత మోపెడ్ ఉంటుంది. అది ఒక ఉదయం మొరాయిస్తే ఆనాటి సరుకు వాడిపోతుంది; సరుకుకు తెచ్చిన అప్పు మాత్రం వాడిపోదు.

బరువు లాగడానికని, చప్పుడు బాగుంటుందని, మైలేజీ వస్తుందని ఈ బండ్లకు రకరకాల మార్పులు చేయిస్తుంటారు. కొన్నాళ్లకు బండి దగ్గుతుంది, ఆగుతుంది, పెట్రోలు తాగుతుంది. అప్పుడు అందరి వేలూ కార్బొరేటర్ వైపే చూపుతుంది. విప్పి, కడిగి, బిగించి, ఫలితం లేక కొత్తది కొంటారు. కొత్తది కూడా నెల తిరగకముందే అదే పాట పాడుతుంది. మార్పులు చేసిన ఇంజిన్ విషయంలో కార్బొరేటర్ చాలాసార్లు నేరస్థుడు కాదు, సాక్షి మాత్రమే. మరెక్కడో చేసిన మార్పు గురించి అది చెబుతూ ఉంటుంది. ఆ సాక్ష్యాన్ని చదివే పద్ధతి ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఒక సంగతి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 ప్రమాణాల తరువాత కొత్త మోపెడ్లలో కార్బొరేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కనుక ఇక్కడ చెప్పేది అంతకుముందు తయారైన బండ్లకు, ముఖ్యంగా పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే రెండు స్ట్రోకుల ఇంజిన్లకు వర్తిస్తుంది.

కార్బొరేటర్ చేసే పని

ఇంజిన్ గాలిని పీల్చుకున్నప్పుడు ఆ గాలి కార్బొరేటర్‌లోని ఇరుకైన గొంతు గుండా పోతుంది. ఇరుకులో వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్ల కింద గిన్నెలో ఉన్న పెట్రోలు జెట్ రంధ్రం గుండా పైకి ఎగసి గాలిలో కలుస్తుంది. బరువు ప్రకారం చూస్తే ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు అంతకన్నా ఎక్కువైతే దానిని చిక్కని మిశ్రమమనీ, తక్కువైతే పలుచని మిశ్రమమనీ అందాం.

కార్బొరేటర్‌కు బుద్ధి లేదు. గాలి వచ్చే దారిని గానీ, పొగ పోయే దారిని గానీ మనం మార్చామని దానికి తెలియదు. పాత దారులకు సరిపోయేలా కంపెనీ ఎంచిన జెట్ అలాగే ఉంటుంది, గాలి మాత్రం మారిపోతుంది. తూకం చెడేది అక్కడే.

పెట్రోలు ఎంత కలవాలన్నది పిడి తిప్పే కొద్దీ వేర్వేరు భాగాల చేతికి మారుతుంది. పిడి మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తెరిచే వరకు చిన్న జెట్‌ది, అంటే పైలట్ జెట్‌ది పెత్తనం. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడ్ అడుగున ఉన్న కోత ముఖ్యం. పావు నుంచి ముప్పావు వరకు స్లైడ్‌కు వేలాడే సూది, ఆ పైన పూర్తిగా తెరిచే వరకు మెయిన్ జెట్. ఈ హద్దులు గీత గీసినట్లు ఉండవు, కొంత ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అయినా తప్పు వెదకడానికి ఇంతకు మించిన దారిదీపం లేదు.

ఏ మార్పు ఏం చేస్తుంది?

మన వీధుల్లో ఎక్కువగా కనిపించే మార్పు ఎయిర్ ఫిల్టర్ తీసివేయడం. ఫిల్టర్ గాలిని కొంత అడ్డుకుంటుంది. ఆ అడ్డు ఉందన్న లెక్కతోనే కంపెనీ జెట్‌ను ఎంచింది. ఫిల్టర్ పోగానే మిశ్రమం పలుచబడుతుంది. పికప్ పెరిగినట్లు మొదటి రోజు అనిపించవచ్చు. తరువాత రోడ్డు దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి చేరి పిస్టన్ రింగులను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. క్వారీ లారీలు తిరిగే దారుల్లో నడిచే బండికి ఇది ఎంత కీడో వేరుగా చెప్పనక్కరలేదు.

సైలెన్సర్ లోపలి గొట్టాన్ని తీసివేయడం రెండవది. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో సైలెన్సర్ పని చప్పుడు తగ్గించడంతో తీరదు. మండకుండా బయటికి పోబోయే కొత్త మిశ్రమాన్ని కొంతవరకు నిలిపేది కూడా అందులోని పీడనమే. దాన్ని ఖాళీ చేస్తే చప్పుడు పెరుగుతుంది, అడుగు వేగాల్లో లాగే బలం తగ్గుతుంది. చప్పుడును బలమని భ్రమపడడం మనుషుల విషయంలోనూ ఉన్నదే.

మూడవది జెట్ రంధ్రాన్ని పెద్దది చేయడం. సన్నని డ్రిల్లుతోనో, స్టౌ పిన్నుతోనో రంధ్రాన్ని కాస్త వెడల్పు చేస్తే సరిపోతుందనుకుంటారు. 0.70 మిల్లీమీటర్ల రంధ్రం 0.80 అయితే తేడా 0.10 మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ పెట్రోలు పారేది వైశాల్యాన్ని బట్టి. అది ఏకంగా 30 శాతం పెరుగుతుంది. పైగా డ్రిల్లు గీతలు పడిన రంధ్రంలో ప్రవాహం నునుపుగా సాగదు. అలాంటి జెట్‌ను బాగుచేసే ఉపాయం లేదు, మార్చవలసిందే. జెట్ మీద ముద్రించిన సంఖ్య కొన్ని కంపెనీలలో రంధ్రపు వ్యాసాన్ని, మరికొన్నింటిలో ప్రవాహాన్ని సూచిస్తుంది. ఒక కంపెనీ 70, మరో కంపెనీ 70 ఒకటే అని నమ్మి కొనకూడదు.

దీనికి వ్యతిరేక దిశలో చేసేది మైలేజీ కోసం చిన్న జెట్ వేయించడం. వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో ముందు ముందు వస్తుంది.

మరో బండి కార్బొరేటర్‌ను తెచ్చి బిగించడం కూడా ఉంది. గొంతు వెడల్పు పెరిగితే తక్కువ వేగాల్లో గాలి నెమ్మదిస్తుంది. పెట్రోలును పైకి లాగే శక్తి తగ్గుతుంది. ఖాళీ రోడ్డు మీద ఎగిరే బండి, మూట వేసుకొని సిగ్నల్ దగ్గర కదలాల్సి వచ్చినప్పుడు గుక్క పట్టినట్లు ఆగిపోవడానికి ఇది ఒక కారణం.

ఇక సిలిండర్ అరిగినప్పుడు బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించడం గురించి భయం అవసరం లేదు. 46 మిల్లీమీటర్ల సిలిండర్‌ను అర మిల్లీమీటరు పెంచితే ఇంజిన్ ఘనపరిమాణం 2 శాతానికి కాస్త పైన మాత్రమే పెరుగుతుంది. అందుకోసం జెట్ మార్చనక్కరలేదు.

గిన్నె విప్పకముందు

స్పానర్ చేతిలోకి తీసుకోకముందు చూడవలసినవి నాలుగు ఉన్నాయి. వీటితోనే సమస్య తీరిపోయే సందర్భాలు చాలా ఎక్కువ.

పెట్రోలు ట్యాంకు మూతలో గాలి లోపలికి పోయేందుకు సన్నని రంధ్రం ఉంటుంది. వాన నీరు దిగకుండా మూత కింద ప్లాస్టిక్ కాగితం పెట్టే అలవాటు మనవారిలో ఉంది. దానితో ఆ రంధ్రం మూసుకుపోతుంది. రెండు మూడు కిలోమీటర్లు పోయాక బండి ఆగడం, మూత తెరిచి మూస్తే మళ్లీ కదలడం దీని లక్షణం. ఈ లక్షణం చూసి కార్బొరేటర్ మార్చినవారు కూడా ఉన్నారు.

రెండవది పెట్రోలు పారుదల. ఇంజిన్ చల్లారాక, దగ్గరలో దీపం, పొయ్యి, బీడీ లేకుండా చూసుకొని, కార్బొరేటర్ వైపున గొట్టాన్ని ఊడదీసి సీసాలోకి వదిలి ట్యాప్ తిప్పండి. ధార ఆగకుండా రావాలి. బొట్లు బొట్లుగా వస్తే తప్పు ట్యాప్ జల్లెడలోనో, ట్యాంకు తుప్పులోనో ఉంది. సీసాను పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున నీటి పొర ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

మూడవది స్పార్క్ ప్లగ్. పాలు తక్కువైన కాఫీ రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్లు. పొడి మసి పట్టి ఉంటే చిక్కదనం. సున్నం వేసినట్లు తెల్లగా ఉంటే పలుచదనం, అది ప్రమాద సూచన. నల్లగా, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ ఎక్కువైందనో, నిప్పురవ్వ బలహీనపడిందనో అనుమానించాలి. అయితే ఇంటి ముందు అయిదు నిమిషాలు ఊరికే నడిపి ప్లగ్ చూస్తే ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. రద్దీ లేని దారిలో మామూలు బరువుతో కొంతదూరం నడిపి, పిడి బాగా తెరిచి ఉన్నప్పుడే ఇంజిన్ ఆపి, బండిని పక్కకు తీసి, ప్లగ్ చల్లారాక చూడాలి.

నాలుగవది, అందరూ మరచేది, దొంగగాలి. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ నడుమ ఉన్న ప్యాకింగ్ చిరిగినా, రబ్బరు గొట్టం పగిలినా, బోల్టు సడలినా జెట్‌తో నిమిత్తం లేకుండా గాలి లోపలికి దూరుతుంది. పిడి వదిలేసినా ఇంజిన్ వేగం వెంటనే దిగకపోవడం, ఐడ్లింగ్ తనంతట తాను పెరగడం, ఎంత తిప్పినా స్క్రూకు లొంగకపోవడం దీని గుర్తులు. ఇంజిన్ నడుస్తుండగా అతుకుల చుట్టూ సబ్బునీటిని కొద్దిగా చిమ్మి చూడండి. చిమ్మిన చోట ఇంజిన్ చప్పుడు మారితే దొంగ దొరికినట్లే. కొందరు ఇందుకు పెట్రోలు చిమ్ముతారు. వేడి సైలెన్సర్ పక్కన అది బండితోపాటు ఇల్లు కాల్చే పని. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ ఆయిల్ సీలు అరిగినా ఇవే గుర్తులు కనిపిస్తాయి, అది మాత్రం మెకానిక్ షెడ్డులో తేలవలసిన విషయం.

పిడి ఎంత తిరిగినప్పుడు?

పై నాలుగూ బాగుంటేనే కార్బొరేటర్‌ను ప్రశ్నించాలి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పిడి ఎంత తెరిచినప్పుడు బాధ వస్తోంది? పిడి మీద ఒక కాగితపు టేపు అంటించి, మూసిన చోటు, పావు, సగం, ముప్పావు, పూర్తి అని పెన్నుతో గుర్తులు పెట్టుకుంటే ఊహాగానం అక్కరలేదు.

స్టార్ట్ కావడం కష్టం, చోక్ తీయగానే ఆగిపోతోంది, సిగ్నల్ దగ్గర నిలవడం లేదు, కానీ రోడ్డు మీద బాగానే పోతోంది అంటే పైలట్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు. దాని రంధ్రం వెంట్రుకంత సన్నం కనుక మురికి మొదట చేరేది అక్కడికే. కదిలేటప్పుడు ఒక క్షణం గుక్క పట్టి ఆ తరువాత పుంజుకుంటే స్లైడ్ గురించి ఆలోచించాలి. పాత బండ్లలో స్లైడ్ పక్కల నిలువు గీతలు పడి వదులవుతుంది. అప్పుడు ఎవరెంత ట్యూనింగ్ చేసినా ఐడ్లింగ్ నిలవదు. మధ్య వేగంలో ఫట్ ఫట్ మంటూ మిస్సింగ్ ఇస్తూ పెట్రోలు ఎక్కువ తాగుతుంటే స్లైడ్ సూదీ, అది దిగే రంధ్రమూ అరిగి ఉండవచ్చు. సూది తలలో కొన్ని గాట్లు, వాటిలో ఒక క్లిప్పు ఉంటాయి. క్లిప్పును కింది గాటుకు మారిస్తే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. పై గాటుకు మారిస్తే పలుచబడుతుంది. ఒకసారికి ఒక గాటు మాత్రమే మార్చి నడిపి చూడాలి.

పూర్తిగా తెరిచినప్పుడు మాత్రమే బలం తగ్గితే మెయిన్ జెట్, లేదా గిన్నెలో పెట్రోలు మట్టం. ఇక్కడ చిక్కదనమా, పలుచదనమా అన్నది తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. బాధ వస్తున్న వేగంలో ఉండగానే చోక్‌ను కొద్దిగా లాగండి. బండి పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా నీరసిస్తే ఇప్పటికే ఎక్కువ అందుతోందన్నమాట. ఈ పరీక్ష ఖాళీ దారిలో, వెనుక వాహనాలు లేనప్పుడే చేయాలి.

బండి నిలిపి ఉంచినప్పుడు కింది గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే ట్యాప్ మూయండి. ఫ్లోట్ సూది కూర్చునే చోట ఇసుక రేణువు ఉండవచ్చు, లేదా ఫ్లోట్‌కు చిల్లు పడి అది మునిగిపోతుండవచ్చు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం చప్పుడు వినిపిస్తుంది. సందులో, గడప పక్కన రాత్రంతా నిలిపే బండికి ఈ కారడం ఇంజిన్ సమస్య కన్నా అగ్ని ప్రమాద సమస్య. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది నేలనంటి పాకి మురుగు కాలువలో, వంటగదిలో చేరుతుంది. మరమ్మతు మరుసటి రోజుకు వాయిదా వేసినా, ట్యాప్ మూయడం వాయిదా వేయరాదు.

ఐడ్లింగ్ సర్దుబాటు విషయంలో ఒక గందరగోళం తరచు కనిపిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ వైపున ఉన్న చిన్న స్క్రూ గాలిని నియంత్రిస్తుంది; దానిని లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజిన్ వైపున ఉంటే అది పెట్రోలు మిశ్రమాన్ని నియంత్రించేది. లోపలికి తిప్పితే పలుచబడుతుంది. రెండూ తలకిందులు. మీ బండిలో ఏది ఉందో చూడకుండా మరొకరు చెప్పిన లెక్క పాటిస్తే ఫలితం కూడా తలకిందులే. కొన్ని పాత మోపెడ్ కార్బొరేటర్లలో ఈ స్క్రూ అసలే ఉండదు, స్లైడ్‌ను ఎత్తి పట్టే ఐడ్లింగ్ స్క్రూ ఒక్కటే ఉంటుంది. ఉన్నవాటిలో ఇంజిన్ వేడెక్కాక, బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, స్క్రూను మెల్లగా ఆనే వరకు బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పడం మంచి ఆరంభం. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ స్థిరంగా, వేగంగా నడిచే చోటును పట్టుకోవాలి. ఆ తరువాత ఐడ్లింగ్ స్క్రూతో వేగాన్ని తగ్గించాలి. వెనుక చక్రం తనంతట తిరుగుతోందంటే వేగం ఇంకా ఎక్కువగానే ఉంది.

శుభ్రం చేసేటప్పుడు

గిన్నె, జెట్లు విప్పాక కార్బొరేటర్ క్లీనర్‌తో గానీ, శుభ్రమైన పెట్రోలుతో గానీ కడిగి, పంక్చర్ షాపు గాలితో ఊదించడం చాలు. రబ్బరు భాగాలను ముందే తీసివేయాలి. ఇనుప తీగ, సూది, స్టౌ పిన్ను జెట్‌లోకి పోనివ్వకూడదు. మొండిగా మూసుకుపోయిన పైలట్ జెట్‌కు పొరక పుల్ల చీలిక గానీ, సన్నని నైలాన్ దారం గానీ వాడవచ్చు. జెట్‌ను ఎండకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా వెలుగు చూపాలి. కడిగిన మురికి పెట్రోలును కాలువలో పారబోయడం మన వీధి కాలువకూ, దానిలో దిగే పారిశుద్ధ్య కార్మికుల ప్రాణానికీ హాని. మూత ఉన్న డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి.

మైలేజీ ఆశ, పట్టేసిన పిస్టన్

చిన్న జెట్ ఎందుకు ప్రమాదమో ఇక్కడ చెప్పాలి. రెండు స్ట్రోకుల మోపెడ్‌లో పిస్టన్‌కు, క్రాంకు బేరింగులకు ఆయిల్ అందేది పెట్రోలు ద్వారానే. వేరే దారి లేదు. జెట్ చిన్నదైతే పెట్రోలు తగ్గుతుంది, దానితోపాటే ఆయిలూ తగ్గుతుంది. పలుచని మిశ్రమం మండేటప్పుడు వేడి ఎక్కువ. అంటే వేడి పెరిగిన సమయంలోనే జిడ్డు తగ్గుతుంది. దీనికి తోడు మన బండ్లు ఖాళీగా నడిచేవి కావు. రెండు మూటలతో, పూర్తిగా తెరిచిన పిడితో, ఎత్తు మీదికి ఎక్కేవి. పిస్టన్ వ్యాకోచించి సిలిండర్ గోడను పట్టేసుకుంటుంది. ఫ్లైఓవర్ మధ్యలో, వెనుక లారీ ఉండగా ఇంజిన్ అలా నిలిచిపోతే నష్టం రిపేరు ఖర్చుతో ఆగకపోవచ్చు.

పట్టేయడానికి ముందు ఇంజిన్ కొన్ని సూచనలు ఇస్తుంది. ఎత్తు మీద గణగణమని సన్నని లోహపు చప్పుడు, ఉన్నట్టుండి బలం తగ్గడం, ఆపినా ఒక క్షణం ఆగకుండా తిరగడం. అవి వినిపించగానే పిడి వదిలి, పక్కకు తీసి, బండిని చల్లారనివ్వాలి. వేడి ఇంజిన్ మీద నీళ్లు పోయకూడదు.

పలుచదనాన్ని పెట్రోలులో ఎక్కువ ఆయిల్ కలిపి సరిదిద్దవచ్చని కొందరనుకుంటారు. లీటరుకు 20 మిల్లీలీటర్లు అంటే 50 పాళ్లకు ఒక పాలు. 40 మిల్లీలీటర్లు పోస్తే 25 పాళ్లకు ఒకటి. ఆయిల్ పెరిగిన మేరకు అదే జెట్ గుండా పోయే పెట్రోలు కాస్త తగ్గుతుంది. మిశ్రమం పలుచదనం పోదు, ప్లగ్‌కూ సైలెన్సర్‌కూ మసి మాత్రం పడుతుంది. మీ బండి పుస్తకంలో రాసిన కొలతనే పాటించండి. కిరోసిన్ కలపడం అంతకన్నా తప్పు. దాని వల్ల ఇంజిన్‌లో నాకింగ్ మొదలై పిస్టన్ మరింత త్వరగా చెడుతుంది.

నాలుగు స్ట్రోకుల ఎక్స్ఎల్ 100 వంటి బండ్లలో ఆయిల్ వేరుగా ఉంటుంది కనుక ఈ ప్రమాదం కొంత తక్కువ. అక్కడ పలుచదనపు వేడి వాల్వుల మీద పడుతుంది.

ఎత్తు ప్రదేశం, ఇథనాల్ పెట్రోలు

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి తీరప్రాంతపు గాలికన్నా సుమారు 8 శాతం పలుచన. అందువల్ల చెన్నైలోనో నెల్లూరులోనో సర్దిన బండి ఇక్కడ కొద్దిగా చిక్కని మిశ్రమంతో నడుస్తుంది. కాస్త మసి, కాస్త నీరసం కనిపిస్తాయి, అపాయం లేదు. అసలు అపాయం తిరుగు ప్రయాణంలో ఉంది. ఇక్కడి గాలికి సరిగ్గా అంచుకు తెచ్చి జెట్ తగ్గించుకున్న బండి, పండుగకు ఊరికని చిత్తూరు వైపుకో వేలూరు వైపుకో దిగితే అక్కడి దట్టమైన గాలికి ఆ పెట్రోలు చాలదు. ఎండ, బరువు, దూరం కలిసి మిగిలిన పని పూర్తి చేస్తాయి. కంపెనీ వేసిన జెట్ ఇక్కడా అక్కడా పనికి వచ్చేలా ఎంచినది. దానితోనే ఉండడం మేలు.

2023 నుంచి దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా పాత కార్బొరేటర్లకు కొత్త పరిస్థితి. ఇథనాల్ మండడానికి పెట్రోలు కన్నా తక్కువ గాలి చాలు కనుక, అదే జెట్‌తో మిశ్రమం కొద్దిగా పలుచబడుతుంది. కంపెనీ అమరికలో ఉన్న బండి దీనిని చాలావరకు ఓర్చుకుంటుంది. ఇప్పటికే ఫిల్టర్ తీసి, జెట్ తగ్గించిన బండికి ఓర్చుకునే చోటు మిగలదు. పాత రబ్బరు గొట్టాలు, ఫ్లోట్ గిన్నె రింగు ఉబ్బడమో, పగలడమో జరగవచ్చు. ఆరు నెలలకొకసారి చూసుకోండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానలో నీరు చేరితే ఆ రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, ట్యాప్ తీసుకునేది ఆ అడుగు నుంచే. బండిని కొన్ని వారాలు వాడకుండా ఉంచేటట్లయితే ట్యాప్ మూసి, గిన్నె కింది స్క్రూ విప్పి పెట్రోలును సీసాలోకి దించండి.

మెకానిక్‌తో చెప్పవలసినది

మన ఊరి మెకానిక్ తమిళుడు కావచ్చు, కన్నడిగుడు కావచ్చు, తెలుగువాడు కావచ్చు. అన్నా అని పిలిస్తే ముగ్గురూ పలుకుతారు. జెట్, చోక్, ఫ్లోట్, ప్లగ్ అన్న మాటలు మూడు భాషల్లోనూ అవే. కనుక భాష అడ్డం కాదు, చెప్పే తీరే అడ్డం. “అన్నా, కార్బేటర్ పోయింది” అంటే ఆయన కార్బొరేటర్‌నే విప్పుతాడు. “అన్నా, చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, సగం పిడి దాటితే దగ్గుతుంది, చోక్ లాగితే పుంజుకుంటుంది, పోయిన నెల సైలెన్సర్ మార్పించాను” అంటే సగం పని మీరే చేసినట్లు. ఈ చివరి మాటను చాలామంది దాచిపెడతారు. వైద్యుడి దగ్గర తిన్నది దాచినట్లే అది.

ఒకసారికి ఒక్క మార్పే చేయమని కోరండి. జెట్, సూది, ప్లగ్ మూడూ ఒకేరోజు మార్చితే బాగుపడినా ఏది కారణమో తెలియదు, చెడినా తెలియదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన సిలిండర్‌కు కంపెనీ సూచించిన ఓవర్‌సైజు పిస్టన్ వేయించడం మరమ్మతు. పెద్ద బ్లాకు బిగించడం మార్పు. పొగ పరీక్ష మరో అడ్డంకి. 2000 మార్చి తరువాత తయారైన పాత రెండు స్ట్రోకుల బండ్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటరాదు. పెద్దది చేసిన జెట్‌తో ఆ హద్దులో నిలవడం కష్టం. ఒక విధంగా ఈ పరీక్ష మీకు ఉపయోగపడే సాధనమే: ప్లగ్ రంగు కంటితో చెప్పేదాన్ని ఆ యంత్రం అంకెల్లో చెబుతుంది. సర్దుబాటుకు ముందు ఒక అంకె, తరువాత ఒక అంకె చేతిలో ఉంటే మెకానిక్‌తో వాదన అక్కరలేదు.

ఇప్పటికే మార్పులు చేయించిన బండి కొన్నవారు మొదట పాత అమరికకు తిరిగి వెళ్లండి: కంపెనీ ఫిల్టర్, కంపెనీ సైలెన్సర్, కంపెనీ జెట్, సూది క్లిప్పు మధ్య గాటులో. ఆ స్థితిలో బాధ పోతే కార్బొరేటర్‌కు ఏ తప్పూ లేదు. పోకపోతే పైన చెప్పిన వరుసలో వెదకండి. జెట్ మీది సంఖ్య, క్లిప్పు ఉన్న గాటు, స్క్రూ ఎన్ని చుట్లు వెనక్కి ఉందో ఒక చీటీ మీద రాసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పనిముట్ల పెట్టెలో ప్లగ్ స్పానర్ పక్కన ఉంచండి.